శవపేటిక ఎటు ఒరిగితే అటు

నాలుగు కొట్టేలోపు సోవా మాస్టారు ఎన్నికల కచేరీకి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. లేకపోతే పోటీలో లేనట్టే. దేశాన్ని తెల్లవాళ్ళ చేతుల్లోంచి విడిపిస్తానని పదేళ్ళు ఊరూరా తిరిగిన మనిషి ఆయన. అందుకే ఏదో చిల్లర కేసు బనాయించి, పోలీసులు ఆయన కోసం ఆఫ్రికా తీరపు అక్రా వీధులన్నీ గాలిస్తున్నారు.

చేపలమ్మే డేడే ఆయన్ని శవపేటికలో పడుకోబెట్టింది.

"అత్తా, ఒకటే చేపల కంపు."

"చచ్చినోడికి ముక్కెందుకు మాస్టారూ? పడుకోండి!"

మోసేవాళ్ళు ఆరుగురు. వాళ్ళ పెద్ద అక్వేకి డేడే ముందే చెప్పింది. "ఎవరైనా ఆపితే పేటికని కానిస్టేబుల్ మీదకి పోనియ్."

వంతెన దగ్గర నడుముకి తుపాకీ కట్టిన తెల్ల ఇన్‌స్పెక్టరు, ఇద్దరు నల్ల కానిస్టేబుళ్ళు అడ్డం నిలిచారు. మూడున్నర దాటింది.

"మూత తీయండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గుండెలు బాదుకుంటున్న డేడే చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

పేటిక ఎడమకు ఒరిగింది. మోసేవాళ్ళు తూలారు. పేటిక గిర్రున తిరిగి, సూటిగా ఇన్‌స్పెక్టరు ఛాతీకి తగిలింది.

కానిస్టేబుళ్ళు లాఠీలు వదిలేశారు. చచ్చినవాడు మోసేవాళ్ళని తనే నడిపించి, తన చావుకు కారణమైనవాణ్ణి పట్టిస్తాడని అక్రాలో తెలియనిదెవరికి?

"దొరా, మిమ్మల్నే చూపించాడు!" అని అరిచి ఇద్దరూ వెనక్కి చూడకుండా పరుగెత్తారు.

క్షణాల్లో వందమంది పోగయ్యారు. ముసలాళ్ళు ముక్కాలి పీటలు తెచ్చుకుని దొర చుట్టూ కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పు దొరా, మా వాణ్ణి ఏం చేశావు?"

"అసలతనెవరో నాకు తెలీదు!"

"మొదట అందరూ అదే అంటారు. నిదానంగా చెప్పు, మాకేం తొందర లేదు."

విచారణ అక్కడ సాగుతుండగానే పేటిక వంతెన దాటేసింది.

నాలుగుకి ఆరు నిమిషాలుందనగా కచేరీలో మూత లేచింది. గుమాస్తా బల్ల కిందకి దూరి, అక్కణ్ణుంచే కలం పైకి చాపాడు. మాస్టారు సంతకం పెట్టారు.

డేడే అక్వే చెవి మెలిపెట్టింది. "కానిస్టేబుల్ మీదకని కదరా చెప్పాను! తుపాకీ ఉన్నవాడి మీదకి పోతావా?"

"నేనెక్కడ తిప్పానత్తా? లోపల బరువు ఎటు ఒరిగితే అటు పోయాం!"

మాస్టారు కోటుకంటిన చేప పొలుసులు దులుపుకుంటున్నారు.

"మూత తీయమన్న గొంతు ఎటుందో విన్నాను," అన్నారు. "కానిస్టేబుళ్ళు మనవాళ్ళే కదత్తా. ఇంటికి పంపాల్సింది అతన్ని."