మాత్ర వేసుకున్నాను

గిన్నె కాస్త చప్పుడయ్యేలా పెట్టానా, మా ఆయన వంటింట్లోకి తల పెట్టి "మాత్ర వేసుకున్నావా?" అంటాడు. కరెంటు బిల్లు కట్టమని మళ్లీ గుర్తుచేసినా అదే మాట. ఆసుపత్రి నుంచి వచ్చి ఏళ్లయింది. చక్కగా సంపాదిస్తున్నాను, ఇల్లంతా నా చేతుల మీదే నడుస్తోంది. అయినా ఈ ఇంట్లో అందరి కోపాలకీ కారణాలుంటాయి, నా కోపానికి మాత్రం జబ్బే కారణం. "బాగైపోయిందన్నారుగా డాక్టరమ్మ, మరి ఈ చిరాకేంటో" అని అత్తయ్య దీర్ఘం తీస్తుంది. ఒళ్లు మండిపోతున్నా నోరు మూసుకుని అంట్లు తోముతాను.

నేను సినిమాలకు డబ్బింగ్ చెబుతాను. ఇప్పటి సినిమాలో హీరోయిన్ మనసు చెదిరి, మానసిక వార్డులో వైద్యం చేయించుకుని కోలుకుంటుంది. ఆ పిల్ల ఏడుపులూ భయాలూ అన్నీ నా గొంతుతోనే. నాలాంటిదాని కథ ఇన్నాళ్లకు తెరకెక్కిందని మురిసిపోయాను. నిన్న చివరి సీను వేశారు. ఆమె సింకు దగ్గర గిన్నె విసురుగా పెడుతుంది. భర్త వెనకనుంచి "మాత్ర వేసుకున్నావా?" అంటాడు. నా కాగితంలో "వేసుకున్నానండీ" అని ఉంది. పక్కనే, చిరునవ్వుతో అనాలని రాశారు.

"మెత్తగా అనండమ్మా, కోలుకున్న మనిషి కదా," అన్నాడు దర్శకుడు.

"కోలుకున్న మనిషికి కోపం రాకూడదా బాబూ?"

"అలా అని కాదు. జనం హాయిగా ఇంటికెళ్లాలి కదా."

"బయట చెప్పకు, పనులు పోతాయి" అని మా ఆయన ఎప్పుడో నా నోటికి వేసిన తాళం గుర్తొచ్చింది. పోతే పోనీ అనుకున్నాను.

"నేనూ అలాంటి వార్డులో ఉండొచ్చినదాన్నే. ఈ షాట్‌లో ఆమె వీపే కనిపిస్తోంది, పెదవుల కదలికకు మాట కలపాల్సిన పని లేదు. నా మాట ఒకటి చెప్తాను. నచ్చకపోతే చెరిపేయండి."

అతను సౌండ్ ఇంజనీరుకు కానివ్వమని సైగ చేశాడు. నేను అరవలేదు, వణకలేదు.

"వేసుకున్నాను. ఇప్పుడు కోపమెందుకొచ్చిందో అడగండి."

దర్శకుడు దాన్ని మళ్లీ వేయించుకుని విన్నాడు. "మొగుళ్లంతా నన్ను తిట్టుకుంటూ పోతారు," అన్నాడు.

"తిట్టుకోనివ్వండి."

నవ్వేశాడు. "సరే, ఇదే ఉంచుదాం."

దారంతా కాళ్లు నేలమీద ఆనలేదు. ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు. ఆయన, అత్తయ్య టీవీ ముందున్నారు. పైనున్న పళ్లెం తీసి ఠపీమని గట్టు మీద పెట్టాను.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను. ఇప్పుడు కోపమెందుకొచ్చిందో అడగండి."

టీవీ గొంతు తగ్గింది. ఆయన లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎందుకొచ్చింది?" అన్నాడు మెల్లగా. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని, సింకు వైపు చూపించాను.

"ఆ గిన్నెలు తోముతూ వినండి. చాలా ఉంది."