ముందుకి తోస్తే వెనక్కి పోయే పడవ

మామగారి పడవకి ఫ్యాను విరిగిందని తెలిసిన రోజు అల్లుడు నోరు జారాడు.

"దాందేముంది మామయ్యా, నేను తెస్తాగా!"

కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి. అద్దం మందం ఎంతో, ముక్కు మీద ఎడం ఎంతో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తాడు. పడవ అడుగున నీళ్ళు కోసే మూడు రెక్కల ఇత్తడి ఫ్యానుని కొలవడం కూడా ఓ పనేనా అనుకున్నాడు.

మామగారు బస్సు డ్రైవరుగా చేసి దిగినాయన. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో కుర్చీలోంచి లేవాలంటే ఇటొకరూ అటొకరూ ఆసరా ఉండాలి. అదే మనిషిని పడవలో స్టీరింగు ముందు కూచోబెడితే నడుం నిటారుగా నిలబడుతుంది, గొంతు లేస్తుంది, జలాశయంలో ఎదురొచ్చే కొంగల మీద కూడా హారన్ కొడతాడు. ఎవరో వదిలేసిన చెక్క పడవ అది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నలుగురు కూచోవచ్చు. మధ్యలో ఇంజను, దాన్నుంచి వెనక నీళ్ళలోకి ఇరుసు, ఇరుసు చివర ఫ్యాను. బండరాయికి తగిలి ఆ ఫ్యానుకి రెండు రెక్కలు ఊడాయి.

ఊడితే ఊడాయి, తీరిగ్గా చూసుకోవచ్చనుకుంటే రేవు మేనేజరు వచ్చి కబురు చెప్పాడు. ఈ ఆదివారం పరీక్ష. రేవులో కట్టిన ప్రతి పడవా సొంత ఇంజనుతో వెళ్ళి, నీళ్ళలో తేలే ఎర్ర డ్రమ్ముని చుట్టి రావాలి. రాలేని పడవ చోటు ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే ఎక్కడ పెడతారు? ఇంటి సందులో స్కూటరే పట్టదు. పడవ ముక్కలై పొయ్యిలోకి పోవాల్సిందే. ఆ తరవాత మామగారు కుర్చీలోంచి ఎందుకు లేస్తారు?

అందుకని అల్లుడు షాపు మూసి పడవ సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ఒకడు నవ్వాడు. ఒకడు, "ఈ మోడలు మా తాతగారి హయాంలోది సార్, ఆయన్నడగండి, ఫొటో లోపలుంది" అన్నాడు. చివరికి పాత ఇనుము కొట్టులో, విరిగిన మంచాలకీ గిన్నెలకీ అడుగున, పచ్చగా కిలుం పట్టిన ఫ్యాను కనబడింది. కొలిచాడు. వెడల్పు అదే. రెక్కలు మూడు. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లేత్ షాపుకి తెచ్చాడు.

"ఇది పాతదాని తమ్ముడేనంటారా సార్?" అన్నాడు లేత్ మేస్త్రీ.

"తమ్ముడేంటి మేస్త్రీ, కవలలు! పక్కపక్కన పెట్టి చూడండి."

"చిల్లు పెద్దదిగా ఉంది."

"అందుకేగా మీ దగ్గరికొచ్చింది."

మేస్త్రీ ఇరుసు కొలత తీసుకుని బుష్ అనే చిన్న ఇత్తడి గొట్టం ఒకటి లేత్ మీద చెక్కి, చిల్లులో బిగించాడు. అద్దంలా మెరిసింది. మేస్త్రీ చూపంతా చిల్లు మీద, అల్లుడి చూపంతా వెడల్పు మీద. రెక్కలు ఏ పక్కకి ఒంగి ఉన్నాయో ఇద్దరూ చూడలేదు. పాతవి ఎడమకి ఒంగేవి. కొత్తవి కుడికి.

పడవని గట్టు మీదకి లాగి అల్లుడే స్వయంగా ఫ్యాను బిగించాడు. స్పానర్ జారి వేలు కోసుకుంది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ బిగించాడు. చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళగానే మామగారు కర్ర పట్టుకుని ఒంగి చూశారు. పక్కనే అత్తగారు టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమేవ్, అల్లుడు తిరకాసు ఫ్యాను తెచ్చాడే! ఇది పెడితే ముందుకి తోస్తే వెనక్కి పోద్ది."

"గట్టిగా అనకండి!" అత్తగారు ఫ్లాస్కు మూతతో ఆయన నోరు మూసినంత పని చేసింది. "రక్తం కారేలా వేలు కోసుకుని మరీ బిగించాడా మనిషి. ఇప్పుడు తప్పని చెప్తే ఏం బాగుంటుంది?"

"చెప్పకపోతే పడవేం బాగుంటుంది?"

"మీరే ఏదో సర్దేయండి. ఆయనకి తెలీకుండా."

ఆ ఇంట్లో అల్లుడికి తప్పని చెప్పడం అనేది లేదు. పెళ్ళయిన కొత్తల్లో ఆయన సరదాపడి వీధి తలుపుకి తాళం బిగించాడు, తలకిందులుగా. ఇంటిల్లిపాదీ ఇవాళ్టికీ తాళంచెవిని బోర్లించి పెట్టి, వెనక్కి తిప్పి తీసుకుంటున్నారు. ఆయన మాత్రం వచ్చినప్పుడల్లా తలుపు తీసే ఉంటుంది కాబట్టి ఆ సంగతి ఎరగడు.

మామగారు సర్దేశారు. గేరు రాడ్డు కింద ఒక కీలు ఉంటుంది. దానికి పైనో చిల్లు, కిందో చిల్లు. పైచిల్లులో ఉన్న కేబులు కొక్కేన్ని తీసి కిందిచిల్లులో పెడితే రాడ్డు ముందుకి తోసినప్పుడు ఇంజను వెనక గేరులో పడుతుంది. తిరకాసు ఫ్యానుకి తిరకాసు గేరు. లెక్క సరిపోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా "అయింది" అన్నారు, అంతే.

సాయంత్రం బావమరిది వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. పైకి నొక్కితే కిందికి పోయే లిఫ్టుల్ని బోలెడు చూశాడు. ఫ్యాను చూడగానే వాడికీ తెలిసిపోయింది. నాన్న చూస్తే బావని ఏదో అనేస్తాడని కంగారు పడ్డాడు. అదే కేబులుకి రెండో కొస ఇంజను దగ్గరుంటుంది. అక్కడా అలాంటి కీలే, అలాంటి రెండు చిల్లులే. కొక్కేన్ని పైనుంచి కిందికి మార్చాడు. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పడవని నీళ్ళలోకి దించారు. మామగారు స్టీరింగు ముందు కూచుని రాడ్డు ముందుకి తోశారు. పడవ హుందాగా వెనక్కి బయల్దేరి, రేవు గోడకి కట్టిన టైర్లకి తోక గుద్దుకుని ఆగింది. ఆయన ఇంజను ఆపేశారు.

మామగారు రాడ్డు వంక చూశారు. బావమరిది ఇంజను వంక చూశాడు. అల్లుడు తన వేలి కట్టు వంక చూసుకున్నాడు.

"కొత్త ఫ్యాను కదా, నీళ్ళు అలవాటు పడాలి" అంది అత్తగారు గట్టు మీంచి.

నేను సరిచేసిన తరవాత కూడా ఇలా అయిందంటే మొదట ఉన్నదే సరైందన్నమాట, అనుకున్నారు మామగారు. కళ్ళు మసకబారి రెక్కలు తప్పుగా చూశానేమో. అందరూ వెళ్ళాక కొక్కేన్ని మళ్ళీ పైచిల్లులో పెట్టేశారు. నేనే అనవసరంగా వేలు పెట్టాను, అనుకున్నాడు బావమరిది. వాడూ వచ్చి తన కొస పైకి మార్చేశాడు. ఫ్యాను వెనక పక్కని ముందుకి పెట్టి బిగించానేమో, అనుకున్నాడు అల్లుడు. పడవని మళ్ళీ గట్టు మీదకి లాగించి దాన్ని తిప్పి పెట్టాడు. తిప్పి పెడితే మాత్రం ఒంపు మారుతుందా? మర మేకుని తలకిందులుగా పట్టుకున్నా మరలు అటే తిరుగుతాయి.

శనివారం మళ్ళీ చూశారు. మళ్ళీ వెనక్కే. మళ్ళీ అవే టైర్లు.

ఈసారి మామగారి మొహం పాలిపోయింది. ఇంటికెళ్ళి కుర్చీలో కూచుని, భార్యని దగ్గరికి పిలిచారు.

"నా బుర్ర పని చేయట్లేదే. అలా పెట్టినా వెనక్కే పోతోంది, ఇలా పెట్టినా వెనక్కే పోతోంది. నేను పెట్టాననుకుంటున్నానా, పెట్టానా? పరీక్ష వద్దులే. చోటు ఇచ్చేద్దాం."

"నోర్మూసుకోండి" అందావిడ. కానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే ఘాటు లేదు.

ఆదివారం కూతురు వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. వారమంతా డ్యూటీలతో ఈ గొడవేదీ ఎరగదు. నాన్న పరీక్ష వద్దంటుంటే వినకుండా, చెయ్యి పట్టి పడవ ఎక్కించి, తనూ ఎక్కింది. ముందు కొసన తాడు పట్టుకుని బావమరిది, ఇంజను పక్కన అల్లుడు. అత్తగారు రేవు మీద, ఆవిడ పక్కన ఈల మెడలో వేసుకుని మేనేజరు.

మామగారు కళ్ళు మూసుకుని రాడ్డు తోశారు. దబ్బున టైర్లు.

"ఏంటి పెద్దాయనా, వెళ్ళకుండానే తిరిగొచ్చేస్తున్నారు?" అన్నాడు మేనేజరు. "రేపు చోటు ఖాళీ చేసేయండి మరి. వెనక చాలామంది ఉన్నారు."

"ఒక్క నిమిషం" అంది కూతురు. "నాన్నా, ముందుకి తోస్తే ఎటు పోతోంది?"

"చూశావుగా. వెనక్కి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీనమ్మా. అదే నా ఖర్మ."

"మరయితే వెనక్కి లాగండి."

పడవలో ముగ్గురు మగాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"వెనక్కి లాగి ముందుకెళ్ళడం ఏంటే?" అన్నారు మామగారు. "నేను బస్సు నడిపినవాణ్ణి. ముందంటే ముందే. ఆ రాడ్డు పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే ముందుకి పోద్ది."

"అయితే మీరు స్టీరింగు పట్టుకోండి. ఏమండీ, రాడ్డు మీరు పట్టుకోండి."

అల్లుడు రాడ్డు వెనక్కి లాగాడు. పడవ ముక్కు పైకెత్తి ముందుకి సాగింది. మామగారి నడుం నిటారుగా అయింది. కొంగ కనబడితే హారన్ కొట్టారు. ఎర్ర డ్రమ్ముని ఎంత దగ్గరగా చుట్టారంటే బావమరిది దాన్ని చేత్తో తట్టాడు.

రేవు దగ్గర పడుతుండగా వచ్చింది చిక్కు. పడవకి బ్రేకులుండవు, గేరు మార్చి వెనక్కి లాక్కుంటేనే ఆగుతుంది. గోడ ముంచుకొస్తోంది. అల్లుడు ఆపడానికి రాడ్డు వెనక్కి లాగాలనుకున్నాడు. అది వెనకే ఉంది. ఇంకా లాగాడు. పడవ జోరు పెరిగింది.

"బావా, గుద్దేస్తున్నాం!"

"మామయ్యా, ఎటు తొయ్యాలి?"

"నన్నడక్కు, నాకు తెలిస్తే ఇన్ని తిప్పలెందుకు!"

అప్పుడు రేవు మీంచి అత్తగారి గొంతు లేచింది. "ముందుకి తొయ్యి! వెనక్కి లాగుతావేంటి, తప్పు! నీకు చెప్పేది, ముందుకి! తొయ్యవయ్యా మొద్దూ!"

అల్లుడు తోశాడు. పడవ ఒళ్ళంతా వణికి, గోడకి జానెడు దూరంలో ఆగింది. బావమరిది తాడు విసిరాడు. మేనేజరు ఈల ఊదాడు.

"వెళ్ళింది, వచ్చింది. చోటు మీదే. ఎలా నడిపారని మాత్రం నన్నెవరూ అడక్కండి" అని పక్క పడవ వైపు నడిచాడు.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. "అయ్యో, బాబూ! ఏదో కంగారులో నువ్వనేశాను. మీరేమీ అనుకోకండి."

"అనుకోవడమేంటి అత్తయ్యా? మీరు తిట్టకపోతే నీళ్ళలో ఉండేవాళ్ళం." అల్లుడు వేలికి కట్టున్న చేత్తో చెమట తుడుచుకున్నాడు. "ఫ్యానే తప్పు కదూ? నేను తెచ్చిందే తప్పు?"

మామగారూ అత్తగారూ బావమరిదీ ముగ్గురూ ఒకేసారి అందుకున్నారు. పైచిల్లు, కిందిచిల్లు, ఈ కొస, ఆ కొస. కూతురు చెవులు మూసుకుంది.

"అంటే నాన్నా, మీరూ మార్చారా?" అన్నాడు బావమరిది.

"అంటే ఒరేయ్, నువ్వూ మార్చావా?" మామగారు పకపకా నవ్వారు. ఆయన బుర్రకి ఏమీ కాలేదు. "ఇంతకీ ఇప్పుడు కొక్కేలు రెండూ పైనే ఉన్నాయంటావా?"

"నాది పైనే ఉంది. మీది?"

మామగారు నవ్వు ఆపి ఆలోచనలో పడ్డారు.

అత్తగారు ఫ్లాస్కు మూతలో టీ పోసి అల్లుడికి అందించింది. ఆయన తాగుతుంటే కాసేపు తటపటాయించింది.

"బాబూ, ఎలాగూ మాటొచ్చింది కాబట్టి... ఆ వీధి తలుపు తాళం కూడా ఒకసారి చూడకూడదూ?"

"ఏమైంది దానికి?"