ఏడు లిఫ్టుల నగర దర్శనం

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఊరు చూడ్డానికి బయల్దేరిన ఆ నలుగురిలో ముగ్గురికి ఉత్సాహంతో కాళ్లు నేలమీద నిలవడం లేదు. నాలుగో మనిషికి, అంటే ఊరు చూపించాల్సినవాడికి, అడుగు ముందుకి పడడం లేదు. అతను లిఫ్టు మెకానిక్. ఎనిమిది నెలల కిందట ఒంటరిగా ఈ దేశం వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, ఈమధ్యే భార్యనీ పదేళ్ల కూతుర్నీ రప్పించుకున్నాడు. సంసారం సర్దిపెట్టే సాయానికి అత్తగారు కూడా నెల రోజులకని వచ్చింది. వాళ్లు దిగి పట్టుమని పది రోజులు కాలేదు.

ఈ ఎనిమిది నెలలూ అతను ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి, ఆ వారం తాను చూసొచ్చిన వింతలు వర్ణించి చెప్పేవాడు. నది మీద పాత వంతెన, పన్నెండు కొట్టగానే బొమ్మలు బయటికొచ్చి ఊరేగే గడియారం, తెల్ల బాతుల చెరువు, ఇలా ఒకటా రెండా. ఫోనవతల కూతురు వాటన్నిటినీ నోట్‌బుక్కులో తేదీలు వేసి మరీ రాసుకునేది. ఆ పిల్లని ఇంట్లో లాయరమ్మ అంటారు. ఆమెకి ఒక మాట చెప్పినవాడు ఆ మాట మీద నిలబడాలి, లేదా బోనులో నిలబడాలి.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అతను వీటిలో ఒక్కటీ చూడలేదు. ఆదివారాలు కూడా డ్యూటీ అడిగి వేయించుకునేవాడు. ఆ డ్యూటీ ఒక పెద్ద హోటల్లో. అక్కడ ఏడు లిఫ్టులు, ఒక్కో లిఫ్టు గోడకి చట్రం కట్టిన ఒక్కో ఫోటో, ఫోటో కింద నాలుగు వరుసల వివరం. లిఫ్టు ఆపి, తలుపుల పట్టాలకి గ్రీజు పెడుతూ ఆ నాలుగు వరుసలూ కంఠతా పట్టేవాడు. మధ్యాహ్నం హోటల్ అడుగున మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసి అప్పజెప్పేవాడు. వెనక లిఫ్టుల ఠకఠకలు విని అవేమిటని భార్య అడిగితే, పక్కనుంచి ట్రాము పోతోందనేవాడు. ఏడు వారాలకి ఏడు ఫోటోలూ అయిపోయాయి. ఎనిమిదో వారం నుంచి పాత వాటికే సొంత సరుకు కలపడం మొదలుపెట్టాడు. అబద్ధానికి కాళ్లుండవంటారుగానీ, అతని అబద్ధాలు ఎనిమిది నెలలపాటు ఊరంతా తిరిగాయి.

ఇవాళ వాటి వెనకాల తను తిరగాలి. కూతురు దృష్టిలో తను అన్నీ చూసిన నాన్న. ఆ పేరు సాయంత్రం దాకా నిలబడితే చాలునని, బస్సు ఎక్కుతూ ఇష్టదైవాలందరినీ తలుచుకున్నాడు.

వంతెన దగ్గర దైవాలు పలికినట్టే ఉంది. ఎనభై నాలుగు దీపస్తంభాలున్నాయని మూడో లిఫ్టు చెప్పింది. లాయరమ్మ నోట్‌బుక్కు తెరిచి, వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు చూపిస్తూ నడిచి, రెండో వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ తిరిగొచ్చింది. సరిగ్గా ఎనభై నాలుగు. పేజీలో ఆ వాక్యం పక్కన టిక్కు పడింది. మెకానిక్కి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ ఊపులో వంతెన కట్టిన మేస్త్రీ గురించి నాలుగు ముక్కలు అప్పటికప్పుడు అల్లి చెప్పాడు. భార్య అంతా విని, మేస్త్రీ మాతృభాష కూడా కనుక్కున్నారా అంది. ఆమె పెదవి చివర కదిలినట్టు అనిపించింది కానీ, గాలికి జుట్టు అడ్డం పడి సరిగ్గా కనిపించలేదు.

అత్తగారి పద్ధతి వేరు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ అల్లుడితో నేరుగా ఒక్క మాటా మాట్లాడలేదు. కోపమేమీ లేదు, ఆవిడ లెక్కలో అది మర్యాద. ఏమైనా చెప్పాలంటే మనవరాలికి చెప్పేది, అల్లుడు రెండడుగుల దూరంలో ఉన్నా సరే. మనవరాలు లేనప్పుడు గోడకి చెప్పేది. ఇవాళ కూడా అంతే. నాన్నగారికి దాహంగా ఉందేమో అడగమ్మా, ఇక్కడ కూర్చోవచ్చేమో కనుక్కో అమ్మా అంటూ వంతెన పొడుగునా పిల్లతోనే రాయబారం నడిపింది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా గడియారం దగ్గరికి చేరారు. రాళ్లు పరిచిన చిన్న కూడలి, మధ్యలో సన్నటి స్తంభం, పైన పెద్ద గడియారం, దాని కింద గుప్పెడంత తలుపులు రెండు. నాలుగో లిఫ్టులో ఫోటో ఇదే. తలుపు తెరుచుకుని రాజు, సైనికుడు, గుర్రం వరసగా బయటికొచ్చి గుండ్రంగా తిరిగి లోపలికి వెళ్తాయి. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇరవయ్యో వారమో ఇరవై ఒకటో వారమో, ఆ గుర్రానికి ముందు కాలు కుంటి అనీ, అది కుంటుతూ వస్తుంటే జనం చప్పట్లు కొట్టారనీ, పక్కనున్న ముసలావిడ కళ్లు తుడుచుకుందనీ చెప్పాడు. లాయరమ్మకి మొత్తం నోట్‌బుక్కులో ప్రాణమైన పేజీ అదే. కుంటి గుర్రం బొమ్మ కూడా వేసుకుంది.

నలుగురూ తలలెత్తి నిలబడ్డారు. అంత పెద్ద వింత చూడ్డానికి కూడలిలో ఇంకెవరూ లేకపోవడం అతనికి బొత్తిగా నచ్చలేదు. ముల్లు పన్నెండు మీదికొచ్చింది. గంట పన్నెండు సార్లు మోగింది. తలుపులు తెరుచుకోలేదు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. అత్తగారికి మెడ పట్టేసి తల దించింది.

కూడలి ఊడుస్తున్న ఒక పెద్దాయన వీళ్లని చూసి జాలిపడి దగ్గరికొచ్చి, ఇక్కడి భాషలో గబగబా ఏదో చెప్పాడు. ఆ భాష వచ్చినవాడు నలుగురిలో మెకానిక్ ఒక్కడే. బొమ్మలు పాడైతే తీసేశారట. తలుపులకి లోపల్నించి మేకులు కొట్టేశారట. హోటల్లో ఫోటోలు హోటల్ కట్టినప్పటివన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. పెద్దాయన, మిగతా ముగ్గురికీ అర్థం కాలేదని గమనించి, చీపురు చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్లు చూపించాడు.

"తొమ్మిది ఏంటి నాన్నా? పాడై తొమ్మిది రోజులైందా?" అంది లాయరమ్మ, పెన్ను కాగితం మీద ఆనించి.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. అవునంటే చాలు, గండం గడిచిపోతుంది. తొమ్మిది రోజుల కిందట పాడైంది, అంతకుముందు నాన్న చూశాడు, అయ్యో పాపం, పదండి అన్నం తిందాం. అనేవాడే. నోరు కూడా తెరిచాడు. కానీ పిల్ల తలెత్తి చూస్తోంది. అతను ఏ అంకె చెబితే ఆ అంకె వేయడానికి, అనుమానమన్నది లేకుండా, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఎనిమిది నెలలూ ఫోనవతల ఈ మొహమే కదా ఇలా ఉన్నదనుకున్నాడు. ఫోన్లో మొహం కనబడదు కాబట్టి అంతకాలం సాగింది.

"రోజులు కాదమ్మా. సంవత్సరాలు," అన్నాడు.

లాయరమ్మ ఏమీ రాయలేదు. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది. తొమ్మిదేళ్ల కిందట నాన్న తనని ఎత్తుకుని ఇంట్లోనే ఉన్నాడని తేలినట్టుంది. నోట్‌బుక్కు మూసి, సంచిలో పెట్టి, అమ్మమ్మ పక్కకి వెళ్లి నిలబడింది. బోనెక్కించి నాలుగు ప్రశ్నలు వేసినా బాగుండేదనిపించింది అతనికి.

ఇక దాచడానికేం మిగల్లేదు. కూడలి గట్టు మీద కూర్చుని, ఏడు లిఫ్టుల కథ మొదటి నుంచీ చెప్పేశాడు. వచ్చిన మొదటి ఆదివారం చెరువు చూద్దామని వెళ్లాడట. అక్కడ బాతులకంటే సంసారాలు ఎక్కువ కనబడ్డాయట. ఒక నాన్న కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని బాతులు చూపిస్తుంటే, బెంచీ మీద ఐదు నిమిషాలు కూడా కూర్చోలేక, బాతుల వంక సరిగ్గా చూడకుండానే గదికొచ్చేశాడట. ఆ మర్నాడే ఆదివారాలు కూడా పని ఇమ్మని సూపర్‌వైజర్ని అడిగాడట. ఈ సంగతి ఫోన్లో చెబితే, వచ్చెయ్యండి, ఈ బతుకెందుకని భార్య అంటుందని భయం. ఆమె ఆ మాటంటే నిజంగానే వెళ్లిపోయి ఉండేవాడు.

భార్య తల్లి వంకా కూతురి వంకా చూసి, నిదానంగా అంది.

"మీకు నడకకని కొనిచ్చిన బూట్లు మంచం కింద అట్టపెట్టెలోనే ఉన్నాయి. వాటి లోపల కుక్కిన కాగితం కూడా తియ్యలేదు. వచ్చిన రెండో రోజే చూశాను."

"మరి నన్ను అడగలేదేం?"

"ఎంత దూరం నడిపిస్తారో చూద్దామని ఊరుకున్నాను. వంతెన మేస్త్రీ దగ్గర మాత్రం నవ్వాపుకోలేక చచ్చాను."

అప్పుడు అత్తగారు గొంతు సవరించుకుంది. మనవరాలి వైపు తిరగబోయి, మనసు మార్చుకుని, పదకొండేళ్ల మర్యాద పక్కనపెట్టి అల్లుడి మొహంలోకి చూసింది.

"గుర్రం కుంటిదని మీకెలా తోచింది బాబూ?"

అతను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "అన్నీ బాగున్నాయని చెబితే ఎవరూ నమ్మరేమోనని, అత్తయ్యగారూ."

"నిజమే," అంది ఆవిడ. "నేను ఆ గుర్రాన్ని బట్టే నమ్మాను."

భార్య పైట నోటికడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో అతను తేల్చుకునేలోగా, సరే, ఈ ఊళ్లో మీకు నిజంగా తెలిసినదేదో అక్కడికి తీసుకెళ్లమంది.

అతనికి నిజంగా తెలిసినది ఒకటే. నగరంలో అన్నిటికంటే ఎత్తయిన భవనం, నలభై అంతస్తులు. ప్రతి గురువారం పనిముట్ల సంచీతో వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లి, సామాన్ల లిఫ్టులో తిన్నగా పైకప్పు కింది మోటార్ల గదికి చేరేవాడు. ఆ గదికి కిటికీ లేదు. దాని కింది అంతస్తులో జనం ఊరు చూసే అద్దాల వరండా ఉందని తెలుసు కానీ, గ్రీజు చేతులతో అక్కడికి ఎలా వెళ్తాడు? ఈసారి నలుగురూ ముందు తలుపు నుంచే వెళ్లారు.

లిఫ్టు కదిలింది. అతను అలవాటుగా చెవి ఒగ్గి విన్నాడు. ముప్పయ్యో అంతస్తు దాటగానే ఎడమవైపు నుంచి చిన్న కుదుపు వస్తుంది, భయపడకండి అన్నాడు. అంకెలు మారాయి. ముప్పై, ముప్పై ఒకటి. చిన్న కుదుపు, ఎడమవైపు నుంచే. లాయరమ్మ ఇంకా అమ్మమ్మ పక్కనే నిలబడి ఉంది. కానీ తలెత్తి తండ్రి వంక కాసేపు చూసింది. ఆ చూపుకి అతనికి ప్రాణం లేచొచ్చింది.

పైన తలుపులు తెరుచుకున్నాయి. అంత వెలుతురుకి అత్తగారు కళ్లు చికిలించింది. మిగతా ఇద్దరూ అద్దాల దగ్గరికి పరుగెత్తారు. మెకానిక్ మాత్రం లిఫ్టు పక్కనే ఆగిపోయాడు. ఎనిమిది నెలలుగా ఏ భవనంలోనైనా అతను నిలబడే చోటు అదే. అంత పెద్ద ఊరి ముందుకి వెళ్లడానికి అతనికి ఎందుకో సిగ్గేసింది కూడా.

లాయరమ్మ వెనక్కి తిరిగి చూసి, దగ్గరికొచ్చింది.

"నిజంగా ఏమీ చూడలేదా నాన్నా? ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"అయితే రా, నేను చూపిస్తా," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి అద్దం ముందు నిలబెట్టింది.

నది, ఇళ్ల కప్పులు, ఎండ, చీమల్లా మనుషులు. అతనికి కళ్లు మసకబారాయి. పిల్ల అవేవీ పట్టించుకోకుండా వేలు పెట్టి చూపిస్తూ, అప్పటికప్పుడు అల్లి చెప్పడం మొదలుపెట్టింది. అదుగో, ఆ తెల్ల మేడ రాజుగారిదట. రాణిగారికి గాలి చాలదు కాబట్టి అన్ని కిటికీలు పెట్టించారట. పట్టాభిషేకం రోజున రాజుగారు మెట్ల మీద జారిపడ్డారట. నిజానికి ఆ తెల్ల మేడ కంటి ఆసుపత్రి. దాని లిఫ్టు గుంటలో చీలమండల లోతు నీళ్లలో నిలబడి అతను మూడు వారాలు పనిచేశాడు. పొద్దున్న బస్సులోంచి అతనే చూపించాడు కాబట్టి భార్యకి ఆ సంగతి తెలుసు, ఏమంటాడోనని పక్కనుంచి చూస్తోంది.

"రాజుగారికి పిల్లలున్నారా?" అని అడిగాడు.

ఒక్కతే కూతురంది లాయరమ్మ. అతను అద్దానికి మరికాస్త దగ్గరగా జరిగి, ఆ అమ్మాయి ఉండేది ఏ కిటికీలోనో చూపించమన్నాడు.