మందు రాసే చేయి

కాజా పొట్టలో గడ్డ ఉందని తేలినప్పుడు ఆపరేషన్ చేయిద్దామని పట్టుబట్టింది భానుశ్రీ. ఆమె భర్త రఘువీర్ వద్దనలేదు, అలాగని సరేననీ అనలేదు. స్కాన్ వైపు చూడకుండా, ఆసుపత్రి బల్ల మీద పడుకున్న కాజా చెవి వెనక గోకుతూ నిలబడ్డాడు.

కాజా వాళ్ల కుక్క. నోయిడా పక్కన ఇందిరాపురం ఫ్లాట్‌లో చేరిన మొదటి చలికాలం, బేస్‌మెంట్‌లో ఎవరిదో కారు కింద వణుకుతూ దొరికాడు. ఒంటి రంగు చూసి, తమ ఊరు కాకినాడ గుర్తొచ్చి, భానుశ్రీ ఆ పేరు పెట్టింది. ఆ ఇంట్లో వాడిని 'అది' అన్నవాళ్లు లేరు. భానుశ్రీది ఇంటి నుంచే చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె మీటింగుల్లో ఉన్నంతసేపూ వాడు టేబుల్ కింద, ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేవాడు. రఘువీర్ ఆఫీసు గుర్‌గావ్‌లో. పొద్దున వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. అందుకే వాడు ఇద్దరి కుక్కే అయినా, పగలంతా ఆమె మనిషి.

ఆపరేషన్ బాగానే జరిగింది. "ఇక్కడి పని అయిపోయింది. అస్లీ కామ్ అబ్ ఘర్ పే హై," అంది డాక్టరమ్మ. అసలు పని ఇంట్లోనే అంటే ఏమిటో విడమరిచి చెప్పింది. పొద్దునా సాయంత్రం కుట్లు శుభ్రం చేసి మందు రాయాలి. మాత్రలు మింగించాలి. సోఫా ఎక్కనివ్వకూడదు, దూకనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పుండు నాకకుండా మెడకి తొడిగిన ప్లాస్టిక్ కాలర్ కుట్లు విప్పేదాకా తీయకూడదు. తీసేసిన గడ్డని పరీక్షకి పంపారు.

ఆ పనంతా భానుశ్రీ మీదే పడింది. కాజాని మోకాళ్ల మధ్య ఇరికించి, దవడలు విప్పి, నాలుక వెనక్కి మాత్ర తోసి, గుటక పడేదాకా మూతి మూసి పట్టుకునేది. మందు తగలగానే వాడు చిన్నపిల్లాడిలా కీచుమనేవాడు. "అయిపోయింది నాన్నా, ఇంకొక్కసారి, ఇదే ఆఖరు," అనేది. అది ఆఖరు కాదని కాజాకి త్వరలోనే తెలిసిపోయింది.

నవంబరు పొగకి కిటికీలన్నీ మూసేసి, ఎయిర్ ప్యూరిఫయర్ వేసుకుని ఉండేవారు. ఆ మూసిన ఇంట్లో ఆమె చెప్పుల చప్పుడు వినగానే కాజా లేచేవాడు. గరాటులాంటి ఆ కాలర్ గుమ్మాలకి కొట్టుకుంటూ పోయి, బాల్కనీ తలుపు పక్క మూల గోడకేసి మొహం పెట్టి నిలబడేవాడు. టేబుల్ కిందికి రావడం మానేశాడు. ఆమె చేత్తో పెడితే తినడం మానేశాడు. గిన్నె పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతే అప్పుడు వచ్చి తినేవాడు.

"దీదీ, కాజా ఆప్ సే డర్ గయా హై," అంది ఇల్లు తుడవడానికి వచ్చే సునీత, నవ్వుతూ.

"భయం కాదు. నొప్పి," అంది భానుశ్రీ హిందీలో. భయమేనని ఆమెకీ తెలుసు.

సాయంత్రం రఘువీర్ తలుపు తీయగానే వాడి తోక గోడకి టపటపా కొట్టుకునేది. ఆయన బూట్లతోనే నేల మీద కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకునేవాడు.

"ఏరా, అమ్మ ఇవాళ కూడా హింస పెట్టిందా?"

మొదట్లో భానుశ్రీ ఈ మాటకి నవ్వింది. తరవాత నవ్వలేదు.

"ఒక్క పూట నువ్వు రాయి రఘూ మందు."

"నా వల్ల కాదు భానూ. వాడు అరిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు."

"నాకు మాత్రం ఆడుతున్నాయా?"

దూది, మందు సీసా తీసుకుని ఆమే వచ్చి కూర్చుంది. కాజా ఆయన చంకలోకి దూరాలని చూశాడు.

ఆ ఆదివారం భానుశ్రీ బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఆమె పిన్ని కూతురు అక్షర కరోల్ బాగ్‌లో ఉండి సివిల్స్ కోచింగ్ తీసుకుంటోంది. జ్వరంతో లేవలేకపోతున్నానని ఫోన్ చేసింది. ఇంత పులుసన్నం కలిపి డబ్బాలో పెట్టుకుని బయల్దేరుతూ, "కాలర్ మాత్రం తీయకు," అంది రఘువీర్‌తో. గుమ్మం దాటాక మళ్లీ వెనక్కి వచ్చి అదే మాట అంది.

తిరిగి వచ్చేసరికి టీవీ మోగుతోంది. రఘువీర్ తివాచీ మీద వెల్లకిలా నిద్రపోతున్నాడు. కాలర్ సోఫాలో ఉంది. బాల్కనీ పక్క మూలలో కాజా తల వంచుకుని దీక్షగా నాకుతున్నాడు. కిందివైపు కుట్లు ఊడిపోయి, లోపలి ఎర్రటి పొర కనిపిస్తోంది. నేలంతా తడి.

ఆమె కేకకి రఘువీర్ ఉలిక్కిపడి లేచాడు. కాజాని దుప్పట్లో చుట్టి ఇద్దరూ కిందికి పరుగెత్తారు. ఆయన కారు నడిపాడు. ఆమె వెనక సీట్లో వాడిని పట్టుకుని కూర్చుంది. ఫ్లైఓవర్ దగ్గర బళ్లు కదలడం లేదు. ముందున్న ఆటో వెనక లైటు తప్ప పొగలో ఏమీ కనపడటం లేదు.

"కాసేపు హాయిగా ఉంటాడని తీశాను," అన్నాడు రఘువీర్. "కళ్లు మూతపడ్డాయి భానూ, తెలియలేదు. వాడు అలా చూస్తుంటే ఉండలేకపోయాను."

"నన్నూ అలాగే చూశాడు రఘూ," అంది ఆమె. "రోజూ చూశాడు."



ఆసుపత్రిలో పుండు కడిగి మళ్లీ కుట్లు వేశారు. కానీ మర్నాటికే జ్వరం వచ్చింది, కుట్ల పక్కన చీము పట్టింది. రఘువీర్ ఆఫీసుకి సెలవు పెట్టాడు. దూది తనే తీసుకున్నాడు. కుట్లు తుడిచాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. కాజా అరిచాడు. భానుశ్రీ తల పట్టుకుంది. రెండు రోజులు గడిచాయో లేదో, రఘువీర్ గదిలోకి వచ్చినా తోక ఆడటం మానేసింది. ఎవరు దగ్గరికి వచ్చినా కాజా మెడ తిప్పేసుకునేవాడు. ఆయన చాలాసేపు వాడి ఎదురుగా గొంతుక్కూర్చుని పేరు పెట్టి పిలిచాడు. ఆ వారమంతా ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

డాక్టరమ్మ ఫోన్ చేసి, గడ్డ మంచిది కాదని పరీక్షలో తేలిందని చెప్పింది. ఇటు చూస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఆసుపత్రిలో పెట్టి సెలైన్లు, ఇంజెక్షన్లు ఇచ్చి చూడొచ్చు. "ఆప్ లోగ్ సోచ్ లీజియే," అని, ఆలోచించుకోమంది.

"ఇంక వద్దు," అంది భానుశ్రీ. రఘువీర్ తలూపాడు.

కాలర్ ఆమే విప్పింది. మందు సీసాలు, దూది సంచిలో వేసి కంటికి కనపడకుండా పైన పెట్టేసింది. కాజా పుండు నాకలేదు. నాకడానికి ఓపిక వాడిలో లేదు. మీటింగులకి రాలేనని ఆఫీసుకి మెసేజ్ పెట్టి, వాడికి దూరంగా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. దగ్గరికి వెళ్తే మళ్లీ మందుకే వచ్చిందనుకుంటాడని ఆమె భయం. అలా మధ్యాహ్నం దాటింది. వాడి ఊపిరి మారడం గమనించి మెల్లగా జరిగి, వీపు మీద చేయి వేసింది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి వాడు ఆ చేతి కింద ముడుచుకుపోలేదు. క్షమించాడో, కదలడానికి బలం లేకపోయిందో ఆమెకి తెలియలేదు. రఘువీర్ వచ్చి రెండో వైపు కూర్చున్నాడు. ఇద్దరి చేతులూ వీపు మీద ఉండగానే కాజా పోయాడు.

పెంపుడు జంతువుల శ్మశానం నోయిడా అవతల ఉంది. అక్కడ పని పూర్తి చేసుకుని ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. స్నానాలు చేశారు. వాడు పడుకున్న దుప్పట్లు భానుశ్రీ మెషిన్‌లో వేసింది. రఘువీర్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

"నా వల్లే పోయాడా భానూ?"

కాదు అని చెప్పొచ్చు. ఆ జబ్బుతో ఎన్నాళ్లు ఉండేవాడో చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆ మాటే చెబితే ఆయన నమ్మేవాడు, ఇద్దరికీ కొంచెం తేలికయ్యేది. కానీ ఆ మూసిన ఇంట్లో ఇన్ని రోజులూ వాడికి ఆమె పదే పదే చెప్పిన అబద్ధం ఒక్కటే: ఇదే ఆఖరు అని. ఇంకొకటి చెప్పడానికి నోరు రాలేదు.

"కొంత," అంది.

ఆయన తలూపాడు, ఆ జవాబు ముందే తెలిసినట్టు. ఆమె వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. పొద్దుటి నుంచీ ఇద్దరూ ఏమీ తినలేదు. కుక్కర్ పెట్టాలి. కాసేపు ఎవరూ లేవలేదు.