పాస్ స్టిక్కర్ లేని నిక్కరు

మా అక్క నాకు కిడ్నీ ఇచ్చింది. ఇచ్చింది గానీ ఇంకా వదల్లేదు.

దానికి చిట్టి అని పేరు కూడా పెట్టింది. పొద్దున లేస్తూనే "చిట్టికి నీళ్ళు పట్టించావా?" అంటుంది. నేను గట్టిగా తుమ్మితే "మెల్లిగానే, చిట్టి అదిరిపోతుంది" అంటుంది. అద్దెకున్నవాళ్ళు గోడలు పాడు చేశారేమోనని ఇంటి ఓనరు వచ్చి చూసినట్టు నా పొట్టకేసి చూస్తుంది. నువ్వెలా ఉన్నావే అని అడిగి ఎన్నాళ్ళయిందో! ప్రాణం పోసిన మనిషిని ఏమని తిడతాం? పళ్ళు నూరుకుని ఊరుకుంటాను. అసలే నాది ముక్కు మీద కోపం.

వారానికి మూడుసార్లు డయాలిసిస్ మిషను పక్కన కుర్చీలో, చేతికి సూదులతో పడున్న రోజుల్లో, ఆసుపత్రి కిటికీలోంచి ఒక కొండ కనపడేది. దాని మీద సన్నగా కాలిబాట. బతికి బట్టకడితే ఆ బాట పట్టుకుని కొండ దాటి, అవతలి లోయ దాకా నడిచిపోవాలని అప్పుడే అనుకున్నాను. ఇంకేమీ కోరుకోలేదు, ఒట్టు. ఇప్పుడు ఆ దారినే ఒక నడక బృందం బయల్దేరుతోంది. రాత్రుళ్ళు మజిలీల్లో పడుకుంటూ రోజుల తరబడి నడక. వాళ్ళలో చేరిపోయాను.

డాక్టరమ్మ సరేనంది, ఒక్క షరతు పెట్టి. "కొత్త కిడ్నీ వెనక నడుములో లేదు కదమ్మా, ముందు కుడిపక్క పొత్తికడుపులో చర్మం కిందే ఉంది. దాని మీద బొత్తాం గానీ బెల్టు గానీ నొక్కకూడదు. నడిచొచ్చాక అక్కడ గీత కనిపిస్తే ప్రయాణం మానేసెయ్."

అక్క అక్కడే, నా పక్కనే కూర్చుని ఉంది. ఆ ఒక్క మాటా కొంగున ముడేసుకుంది.

అక్క బట్టల ఫ్యాక్టరీలో చెకర్‌గా చేసి రిటైరైంది. కుట్టిన ప్రతి బట్టనీ తిరగేసి, కుట్టు కుట్టూ చూసి, బాగుంటే జేబులో చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించడం ఆవిడ పని. పాస్ అని అర్థం. మిగిలిపోయిన స్టిక్కర్ల చుట్ట ఒకటి ఇంట్లో ఉంది. దిండు గలీబు కుట్టినా స్టిక్కరే, కర్టెన్ అంచు మడిచినా స్టిక్కరే. తప్పున్నదాని మీద మాత్రం చచ్చినా అంటించదు. ఒకసారి అంటించమని మేనేజరు పీకల మీద కూర్చుంటే, కత్తెర బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసింది.

అలాంటి మనిషితో నిక్కరు కొనడానికి వెళ్ళడమంటే, ఇక చూస్కోండి.

నీళ్ళ సీసాలతో నింపిన బ్యాగు ఇంటి నుంచే మోయించింది. నడుం పట్టీ ముందే పీకేసింది, బరువంతా భుజాల మీదే. షాపులో ఒక్కో నిక్కరూ వేసుకుని, స్టూలెక్కి దిగి, మోకాలు ఛాతీ దాకా ఎత్తి, గొంతుక్కూర్చుని లేవాలి. జనం వింతగా చూస్తున్నారు. మొదటిదాని బొత్తాం సరిగ్గా చిట్టి నెత్తినే కూర్చుంది. రెండోదాని బొందు ముడి అక్కడే. మూడోది కాటన్. "చెమటకి తడిసిందంటే మళ్ళీ ఆరదు, ఒళ్ళంతా ఒరుసుకుపోతుంది" అని పక్కన పడేసింది. నాలుగోది మరీ పొట్టి, నడుస్తుంటే తొడల మధ్యకి ఎగబాకింది.

"అమ్మా, అన్నీ తిరగేసి పెడుతున్నారు. కొంటారా, లేక స్టాక్ లెక్కేస్తున్నారా?" అన్నాడు షాపతను.

"కొనకుండా పోయేటట్టే ఉంది" అంది అక్క, లోపల్లోపల సంతోషంగా. నాకు ఒళ్ళు మండింది. ఈవిడకి కావలసింది మంచి నిక్కరు కాదు, వంక. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇంటికి పోదామని చూస్తోంది.

"ఇది తీసుకుంటాం" అన్నాను, చేతిలో ఉన్నది గట్టిగా పట్టుకుని. మోకాలికి కాస్త పైన ఆగేది, పల్చటిది, తొందరగా ఆరేది. నడుము ఎలాస్టిక్ ఒక్కటే బిగువు.

అక్క నా మొహంకేసి చూసింది. "సర్లే. నడుము నేను బాగుచేసి ఇస్తా" అంది.

అలా బాగుచేసిన నిక్కరుతోనే రిహార్సల్ నడకకి వెళ్ళాను. ఊరి బయట రాళ్ళ బాట. గంటసేపు హాయిగా నడిచాను. తర్వాత లోపలి తొడల మీద మంట మొదలైంది. తిరుగు ప్రయాణానికి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాను. మమ్మల్ని నడిపించేది డ్రిల్లు మాస్టారు, స్కూల్లో పిల్లల్ని పరిగెత్తించి పరిగెత్తించి రాటుదేలిన మనిషి.

"ఏమ్మా, బాతులా నడుస్తున్నావ్?" అన్నారు. నవ్వలేదు. "కొండ మీద ఎవరైనా ఆగితే అందరం ఆగాలి. రేపు సాయంత్రం స్టేడియం మెట్లెక్కి దిగి చూపించు. ఇలాగే కుంటితే ఎల్లుండి కొండకెళ్ళే బస్సెక్కించుకోను."

ఇంటికొచ్చి గది తలుపేసుకుని చూసుకున్నాను. తొడల లోపల చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. అద్దంలో పొట్ట చూసుకున్నాను. ఒక్క గీత లేదు! ఆ పక్కన అక్క వెడల్పాటి మెత్తటి పట్టీ వేసింది, వెన్నలాంటి పని. మరి కింద ఎందుకిలా?

నిక్కరు తిరగేశాను. లోపలి తొడ కుట్టు విప్పి మళ్ళీ కుట్టి ఉంది. ముతక నైలాన్ దారం. కుట్టు పక్కన మిగిలిన గుడ్డ అంచుని అణచకుండా నిక్కబొడుచుకునేలా వదిలేసింది, వేలు పెట్టి లాగితే రంపంలా గీరుకుంది. తొందరలో పొరపాటు చేసిందా? మా అక్కా? పొరపాటా? అప్పుడు జేబులో చెయ్యి పెట్టాను. తిరగేసి, దులిపి, రెండో జేబు కూడా వెతికాను. స్టిక్కర్ లేదు.

కావాలనే చేసింది. చేసింది గానీ, దాని మీద పాస్ అని అంటించడానికి చెయ్యి రాలేదు. చేలో పడి మేసింది కంచే!

వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది. నిక్కరు తీసుకెళ్ళి గట్టు మీద విసిరాను.

"ఇదేంటి?"

"ఏంటి, ఏమైంది? చిట్టికి ఏమన్నా..."

"చిట్టి దివ్యంగా ఉంది! తొడలు నావి కాబట్టి చీరేశావు, చిట్టి నీది కాబట్టి పువ్వుల్లో పెట్టావు. అంతేగా? దీనికి స్టిక్కర్ ఎందుకు వెయ్యలేదు, చెప్పు!"

అక్క కుళాయి కట్టేసింది. తడి చేతులు చీరకి తుడుచుకుంది. గట్టు మీది నిక్కరుని మడిచి పెట్టింది. ఆ మడతే నన్ను రెచ్చగొట్టింది.

"ఇంత బెంగగా ఉంటే తీసుకో! కోయించి ఇచ్చేస్తాను. మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటాను, నీకు శాంతిగా ఉంటుంది!"

అనేశాను. నోరు జారితే తీసుకోలేం కదా.

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. నిక్కరు ఒళ్ళోకి తీసుకుని ఆ కుట్టు మీద వేలు పెట్టి రాసింది.

"కుర్చీలో ఉన్నన్నాళ్ళూ నువ్వెక్కడున్నావో నాకు తెలిసేది" అంది మెల్లిగా. "అప్పుడు నీకు ముంచుకొస్తే ఇవ్వడానికి నా దగ్గర ఒకటుంది. ఇచ్చాను. ఆపరేషన్ బల్ల మీద కూడా నాకు భయం వెయ్యలేదే. ఇప్పుడు వేస్తోంది. ఆ కొండ మీద నీకేమన్నా అయితే, ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదు."

ఇన్నాళ్ళూ చిట్టి చిట్టి అంటుంటే కిడ్నీ గురించే అనుకున్నాను, ఎంత మొద్దుని! పక్కనే నేల మీద కూలబడి, ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టేశాను. ఇద్దరం ఏడ్చాం. ముందు తేరుకున్నది ఆవిడే.

"లే. తొడలకి కొబ్బరినూనె రాసుకో" అంది. "కుట్టు విప్పుతా."

"అయితే వెళ్ళమంటావా?"

"కుట్టు విప్పుతానన్నాను. వెళ్ళమన్లేదు."

మర్నాడు సాయంత్రం స్టేడియానికి నాతోపాటు తనూ వచ్చింది. నిక్కరు లోపల ఇప్పుడు కుట్టు ఉందో లేదో వేలికి తెలియనంత చదునుగా ఉంది. కానీ దార్లో జేబులో చెయ్యి పెట్టి చూశాను. స్టిక్కర్ లేదు.

మాస్టారు కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. బ్యాగుతో ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. పాత మంట చురుక్కుమంటోంది గానీ కొత్తగా ఒరుసుకోవడం లేదు. అక్క మెట్ల పక్కనే, నా మొహం కాకుండా కాళ్ళు చూస్తూ నిలబడింది. నిన్నటి పుండు మీద చెమట పడి కళ్ళు బైర్లు కమ్మాయి. కుంటలేదు, కాళ్ళని కుంటనివ్వలేదు. చివరికి మాస్టారు చెయ్యెత్తారు. "చాలమ్మా. ఇక మీ డాక్టరమ్మ చెప్పిందన్న ఆ గీత చూసుకోవడం ఒక్కటే మిగిలింది."

ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి అక్క గడియ పెట్టింది. చొక్కా ఎత్తాను. కళ్ళద్దాలు పెట్టుకుని, నన్ను దీపం కిందికి లాగి, వంగి చూసింది. ఫ్యాక్టరీలో బట్టని ఎలా చూసేదో అలాగే, అంగుళం అంగుళం. ఎంతసేపటికీ లేవదే! గీత పడిందా? ఒకవేళ పడకపోయినా పడిందంటుందా? అంటే నేనేం చెయ్యగలను? ఇక్కడ అద్దం లేదు, వంగి చూస్తే అక్కడ నా కన్ను ఆనదు, ఆవిడ మాటే తీర్పు.

"లేదు" అంది. "ఏ గీతా లేదే."

బ్లౌజులోంచి పర్సు తీసి, అందులోంచి ఎర్ర స్టిక్కర్ ఒలిచి, నా జేబులో చెయ్యి పెట్టి అంటించింది. బొటనవేలితో గట్టిగా అదిమింది.

బస్సు బయల్దేరే పొద్దున, అక్క మందుల డబ్బా, నీళ్ళ సీసాలు, నూనె సీసా అన్నీ రెండేసిసార్లు చూసింది. టోపీ సరిచేసింది. పుండు మీద మందు రాశావా అంది. భయమేస్తే ఫోన్ చెయ్యమంది. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను మెట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నాను, ఆ మాట ఇంకా రాలేదు.

"చిట్టి గురించి ఏం చెప్పవేంటే అక్కా?"

అక్క నా పొట్టకేసి చూడలేదు. నా మొహంలోకి చూసింది.

"నన్నడుగుతావేంటి? అది నీదే కదే" అని, తలుపు మూసుకోమని చెయ్యూపింది.