హబ్బు మీద పసుపుతాడు

పాతబండి కొనేవాడు ఇంజను చప్పుడు వింటాడు, రంగు చూస్తాడు, హారన్ కొట్టి చూస్తాడు. వంగి ముందు యాక్సిల్ చూసేవాడు నూటికి ఒక్కడుంటాడు. కాశీబుగ్గలో పదకొండేళ్లుగా నా పాతబండ్ల వ్యాపారం నిలబడిందంటే ఆ ఒక్కణ్ణి నేను కాబట్టే.

అందుకే 2002లో వజ్రపుకొత్తూరు పక్క పేటవాళ్లకు నాలుగు చక్రాలూ లాగే పికప్ బండి అమ్మినప్పుడు ఎవరూ ఇవ్వని మాట ఇచ్చాను. "ఆర్నెల్లలో ముందు ఇరుసు పోతే బండి నేనే తీసుకుంటాను, మీ డబ్బులు మీకిచ్చేస్తాను" అన్నాను. ఆ మాట చూసే వాళ్లు కొన్నారు. వాళ్ల వలలు దిగేచోటికి రోడ్డు లేదు. తోపు దాటాక అరమైలు ఇసక. మామూలు బండి అక్కడ ఇరుసుదాకా కూరుకుపోతుంది. బుట్టలు నెత్తిన మోసుకుని తారురోడ్డు చేరేసరికి పలాసలో రైలు వెళ్లిపోయేది, చేప మెత్తబడిపోయేది.

అయిదో నెలలో ఒక ఉదయం ఆ బండి మా యార్డులోకి వచ్చింది. వెనకాల పదిమంది నిలబడి ఉన్నారు. గేటు మలుపులో ముందు చక్రం కీచుమని అరిచింది, లోపల ఏదో టక్కుటక్కుమని కొట్టుకుంది. పేటపెద్ద దానయ్య దిగి తాళంచెవి నా బల్ల మీద పడేశాడు.

"తీస్కో నీ బండి. ముందు ఇరుసు వంగిపోనాదంట. టెక్కలిలో మేస్త్రి సెప్పినాడు."

"కూకో మావా. టీ తాగు."

"టీ తాగీడానికి రాలేదు నాను. మాట అడగడానికొచ్చినాను."

ఆయన భార్య సన్యాసమ్మ ఖాళీ చేపలబుట్ట చంకన పెట్టుకుని దిగింది. ఆమె నోరు పలాస స్టేషనులో పోర్టర్లందరికీ తెలుసు. "మా అల్లుడు మలుపు తిప్పితే సాలు, బండి కప్పలాగ గెంతుతాది బాబూ. నిన్న ఐసు డబ్బా దొర్లి నా కాలిమీద పడ్డాది. ఈ కాలు కూడా గేరంటీలో ఉన్నాదేటి?"

వెనకాల ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గాని, కళ్లు ఆ గుంపులో చివరి మనిషి మీదే ఉన్నాయి. ఆయన సన్యాసమ్మ తమ్ముడు రామూర్తి. సంతబొమ్మాళి వైపు రెండు పేటలకు ఇలాంటి బండ్లే కావాలని నెల కిందట నా దగ్గరికి వచ్చి వెళ్లాడు. ఏమీ మాట్లాడకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ బండి వెనక్కి తీసుకుంటే ఒక బండి నష్టం. అది నేను మోయగలను. ఇరుసు వంగిన బండి అంటగట్టాడని రామూర్తి నోట ఒక్కసారి వస్తే బారువ నుంచి భావనపాడు దాకా ఈ తీరంలో మళ్లీ నా మాట చెల్లదు. మాట చెల్లనివాడికి పాతబండ్ల బేరం లేదు.

తాళంచెవి ముట్టుకోలేదు. డ్రైవర్ని పిలిచాను. దానయ్య అల్లుడు కామేశ్, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు. అప్పటికే అందరి తిట్లూ తిని మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఆ టక్కుటక్కు ఎక్కడొత్తాది? ఇసకలోనా, తారు మీదా?"

"తారు మీదే బావా. మలుపులో. ఇసకలో అసలేటీ ఉండదు. నీల్లలో పడవలాగ పోతాది."

"అంటే ఇసకలోకొచ్చేసరికి దెయ్యం దిగిపోతాదేటి?" అన్నాడు దానయ్య.

ఆ ఒక్క మాటతో నాకు సగం తేలిపోయింది. వంగిన ఇరుసు తారు మీదా వంకరే, ఇసకలోనూ వంకరే. చోటు చూసి బాధపెట్టేది వంపు కాదు, బిగుపు. అయినా నోటితో చెబితే నమ్మరు. సగం తెలిసినవాడు తొందరపడితే మిగతా సగం ఎదుటివాడికి వదిలేసినట్టే.

కొబ్బరితాడు తెప్పించాను. ముందు ఇరుసును పట్టే పట్టీ బోల్టు నుంచి వెనక ఇరుసు బోల్టు దాకా ఎడమవైపు లాగి ముడి వేసి, తాడు ఒక కొస రామూర్తి చేతిలోనే పెట్టాను. అదే తాడు కుడివైపు పట్టాం. ముడి సరిగ్గా బోల్టు మీదికే వచ్చింది.

"ఇరుసు పక్కకి జరగలేదు" అన్నాను.

తరవాత ముందు చక్రాల నడిమి దూరం ముందువైపూ వెనకవైపూ అదే తాడుతో కొలిచి చూపించాను. దానిలోనూ తేడా లేదు. రామూర్తి తల ఊపాడు. టైర్లు మాత్రం ముందువి రెండూ అరిగి నున్నగా ఉన్నాయి. అయిదు నెలలకి అంత అరుగుడు ఉండకూడదు.

"ఇప్పుడు అందరూ దూరం జరగండి" అన్నాను. "చక్రం తంతాది."

"ఆగున్న బండి తన్నడమేటి?" అంది సన్యాసమ్మ. అన్నా, బుట్ట అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టించాను. మా మేస్త్రి దేవరాజు పక్కన నిలబడి ఎడమవైపు ముందు చక్రం కింద జాకీ ఎత్తాడు. టైరు నేల వదిలిందో లేదో, ఎవరూ ముట్టుకోకుండానే చక్రం ధడేలుమని గిర్రున ముప్పాతిక చుట్టు తిరిగి ఆగింది. సన్యాసమ్మ చేతిలో బుట్ట కింద పడింది.

"ఓలమ్మ! గంగమ్మ తల్లీ!"

"తల్లి కాదత్తా, బిగుపు" అన్నాను. "తడిగుడ్డ పిండినట్టు లోపల ఇనుము మెలి తిరిగిపోనాది. నాలుగు చక్రాలూ కలిపి తారు మీద తిప్పితే అంతే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాల, వెనకవి తక్కువ. ఇసకలో చక్రం జారి సద్దుకుంటాది. తారు జారనివ్వదు. ఆ మెలి ఎక్కడికి పోతాది? టైరుకీ, ఇరుసు కొసన కీలుంటాది సూడు, ఆ క్రాసుకీ పోతాది. కామేశ్, ఫోర్‌వీల్ లివరు ఇప్పుడు లాగు."

కామేశ్ ఎక్కి లాగాడు. అయిదు నెలలుగా రాని లివరు వెన్నలో కత్తిలా వెనక్కి వచ్చింది. వాడు బిత్తరపోయాడు. "రెండు చేతుల్తో లాగినా రాలేదు బావా! అది అలాగే ఉండాలేమో అనుకున్నాను."

"అలాగుండాలనుకున్నాడంట!" దానయ్య చెయ్యెత్తాడు. "బండి నీకిచ్చినందుకు నాకు బుద్ధి లేదురా. రేపట్నుంచి తెడ్డు పట్టు నువ్వు."

అప్పటికి నేను చక్రం మధ్య ఉన్న హబ్బు దగ్గర వంగి ఉన్నాను. దాని మీద గుండ్రటి బిళ్ల ఉంటుంది. ఇసకలోకి దిగేముందు దాన్ని తిప్పితే చక్రం ఇరుసుతో కలుస్తుంది. తారెక్కాక వెనక్కి తిప్పి విడదీయాలి. రెండు నిమిషాల పని. బిళ్ల కలిపివుంచే వైపే ఉంది. దాని మీదుగా, ఎండకూ ఉప్పునీటికీ రంగు పోయిన పసుపుతాడు, కొసన ఎండిన పసుపుకొమ్ముతో గట్టిగా కట్టి ఉంది. కుడివైపు కూడా అంతే.

ఆ ముడి చూడగానే నా చేతులు ఆగిపోయాయి. రెండు చుట్లు వేసి కిందనుంచి తీసి బిగించిన బస్తా ముడి. బండ్ల బేరానికి ముందు నేను జీడిపిక్కల బస్తాలు కట్టినవాణ్ణి. ఆ ముడి పేటలో ఎవరూ వేయరు. వాళ్ల వలల ముళ్లు వేరు.

గుర్తొచ్చింది. బండి అప్పజెప్పిన రోజు ఇసకలోకి నేనే తోలుకెళ్లాను. హబ్బులు నేనే కలిపాను. కొత్త పడవకు చేసినట్టు బండికి గంగమ్మ పూజ చేసి, "నీ సెయ్యి మంచిది బాబూ, తాడు నువ్వే కట్టు" అని సన్యాసమ్మే ఇచ్చింది. పడవకైతే ముందు కొసకి, అణియానికి కడతారు. బండికి అణియం ఎక్కడ? మెరుస్తున్న బిళ్లలు కనబడ్డాయి, రెంటికీ కట్టేశాను. కట్టిన తాడు దానంతటది రాలిపోవాలేగాని మనిషి విప్పకూడదు. అది వాళ్ల ఆచారం. మళ్లీ తారుమీద హబ్బులు విడదీసి చూపించాల్సింది. పలాసలో ఇంకో బేరం ఉందని ఎవరిదో మోటారుసైకిలెక్కి వచ్చేశాను.

ఎవరూ ముడి గుర్తుపట్టలేదు. అందరూ కామేశ్‌నే తిడుతున్నారు. నేను నోరు మూసుకుంటే లెక్క ఇక్కడితో సరి. ఇరుసు వంగలేదు, తప్పు డ్రైవరుది, మాట నిలబడింది, రామూర్తి రెండు బండ్లు కొంటాడు. కాని రామూర్తి పేటలోనూ పూజ చేస్తారు. అక్కడా ఒక తాడు ఉంటుంది. ఈ కుర్రాడు మాత్రం చెయ్యని తప్పుకు పడవెక్కుతాడు. దాచిన తప్పు ఈతకల్లు లాంటిది, పొద్దున్న తియ్యగా ఉన్నా సాయంత్రానికి పులుస్తుంది.

"మావా, వాణ్ణనకు" అన్నాను లేచి. "హబ్బు మీద తాడు కట్టింది నాను. కలిపున్నప్పుడే కట్టీసినాను. ఇప్పడం సూపించలేదు. అది తిరక్కే లివరు కూడా బిగుసుకుపోనాది."

కామేశ్ తలెత్తాడు.

"మరైతే నాను పూజలో ఇచ్చిన తాడే కదా" అంది సన్యాసమ్మ నెమ్మదిగా. వెంటనే గొంతు మారింది. "ఏటి సూత్తన్నావు మరి? ఇప్పు."

"ఇప్పొచ్చా?"

"కట్టినోడు ఇప్పితే తప్పునేదు. ఇంకోడు ముట్టుకుంటే తప్పు."

రెండు తాళ్లూ విప్పాను. ఆమె కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది. దేవరాజు చక్రం చేత్తో తిప్పి ఎడమవైపు క్రాసు వదులై ఆడుతోందన్నాడు. కొత్తది నా ఖర్చుతోనే వేయించాను. మధ్యాహ్నానికి బండి దించి, దానయ్యని పక్కన కూర్చోబెట్టి రైలుగేటు దాకా తోలాను. ఎంత గట్టిగా తిప్పినా టక్కులేదు, గెంతులేదు. వెనక్కి వచ్చాక దానయ్య బల్ల మీది తాళంచెవి తనే తీసుకుని కామేశ్ చేతిలో పెట్టాడు.

రామూర్తి అప్పుడు నోరు విప్పాడు. "నాకు ముందు ఒక బండి సాలు. ఆర్నెల్లు కాదు, ఏడాది మాటియ్యి. పూజకి రా. తాడు మాత్రం నువ్వు కట్టకు."

ఆ రోజే వాళ్లతో పేటకు వెళ్లాను, ఎగ్గొట్టిన పాఠం చెప్పడానికి. తోపు చివర తారు ఆగేచోట కామేశ్ దిగి ఎడమ బిళ్ల తిప్పాడు, కుడి బిళ్ల తిప్పాడు. వెనక నుంచి సన్యాసమ్మ తొంగిచూసింది. పాత తాళ్లు రెండూ అప్పటికే అద్దం కడ్డీకి ఆమె చేత్తోనే కట్టి ఉన్నాయి, వలముడితో.

"రెండూ తిప్పినావేటిరా?"

"తిప్పినానత్తా."

"దిగొచ్చి సూడనా?"

"సూసుకో."

ఆమె దిగింది. ఎడమవైపు చూసింది, బండి చుట్టూ తిరిగి కుడివైపూ చూసింది, ఎక్కింది.

"ఊఁ. తోలు" అంది.