రూపాయి కానీ మరే నాణెమూ కాదు

కామేశ్వరరావు గారికి మూడు నెలల్లో రిటైర్మెంటు. ముప్పయ్యొక్క ఏళ్లుగా సర్కారు వారి ఇంగ్లీషు కాగితాలను తెలుగులోకి మార్చడమే ఆయన ఉద్యోగం. ఇన్నేళ్లలో ఆయన రాసిన కాగితం ఒక్కటి కూడా తప్పుందని వెనక్కి రాలేదు. ఈ సంగతి కూకట్‌పల్లిలో ఆయన ఉండే అపార్టుమెంటు వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ఎవరూ చదవరు కాబట్టే వెనక్కి రాలేదని భార్య భ్రమరాంబ అంటుంది. ఆవిడ అనే ప్రతి మాటా పట్టించుకుంటే కాపురం సాగుతుందా చెప్పండి?

అలాంటి మనిషికి ఈ వయసులో ఒక కంపెనీతో తగువొచ్చింది. ఆర్బిటో అని, నానక్‌రామ్‌గూడ దగ్గర రెండు టవర్లున్న పెద్ద టెక్ కంపెనీ. ఫోన్లో వాడుకునేలా అది సొంతంగా ఒక నాణెం వదిలింది. దాని పేరు 'కానీ'. అణాలు, కానీలు చెల్లిన తాతల రోజులు గుర్తొచ్చినట్టూ ఉంటుంది, 'ఊఁ, కానీ!' అని ఉషారెక్కించినట్టూ ఉంటుంది. ఆ పేరు పెట్టినవాడు ఎవడో గట్టివాడే. కానీలతో కొంటే పది ఇడ్లీలకు రెండు ఉచితం అనేసరికి, టవర్ల చుట్టూ టిఫిన్ బండ్లూ షేర్ ఆటోలూ దాని వెంట పడ్డాయి.

సర్కారుకు ఒళ్లు మండింది. యాప్‌లు చేసుకునేవాళ్లు యాప్‌లు చేసుకోక నాణేలు వేస్తారా? ఇవాళ ఇడ్లీ అన్నారు, రేపు జీతాలన్నీ ఇందులోనే అంటారు, ఎల్లుండి కరెంటు బిల్లు కూడా ఇందులోనే కట్టమంటే ఇక మనమంతా ఇక్కడ ఎందుకున్నట్టు? వెంటనే హెచ్చరిక నోటీసు వేయాలని గచ్చిబౌలిలోని కార్యాలయానికి ఫైలు వచ్చింది. తెలుగు నోటీసు బాధ్యత కామేశ్వరరావు గారిది. టైపు చేసేది రేణుక.

రేణుకది జనగామ వైపు. నిజాంపేటలో హాస్టల్లో ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి. ఈసారి గడువు నెలాఖరుకే. ఆయన చెబుతుంటే ఆమె చకచకా కొట్టింది, 'చెల్లేది రూపాయి గానీ మరే నాణెమూ కాదు' అని.

"గానీ ఏమిటమ్మా, గానీ? అది నోటిమాట. సర్కారు కాగితం మీద 'కానీ' అనే ఉండాలి. మార్చు."

"సార్, గట్ల రాస్తే జర..."

"జర లేదు, గిర లేదు. తెలుగు నాకు నేర్పుతావా?"

రేణుక మూతి బిగించి 'గా' తీసి 'కా' పెట్టింది. మూడు రోజుల్లో నోటీసు ఐటీ కారిడార్ అంతా అంటించారు. పైన రాజముద్ర, కింద పెద్ద అక్షరాలు.

వారం తిరిగాక కామేశ్వరరావు గారికి తన నోటీసును జనం చదువుతుంటే చూడాలనిపించింది. ఇన్నేళ్లకు వీధిలోకి వచ్చిన మొదటి కాగితం మరి! మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగాడు. మల్లమ్మ అనే ఆమె టిఫిన్ బండికి నోటీసు అంటించి ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా తొడిగింది, తడవకుండా. ఆయన గుండె ఉప్పొంగిపోయింది.

"ప్లేటు ఇడ్లీ ఇవ్వమ్మా. ఆ కాగితం చదివావా?"

"మా మనుమరాలు సదివి చెప్పింది సారూ. మస్తు మంచిగ రాసిన్రు. ఇన్ని దినాలు పరేషాన్ ఉండె, తీస్కోవాల్నా వద్దా అని. ఇగ ఫికర్ లేదు. మీ తాన కానీ ఉన్నదా?"

"కానీ ఏమిటి?"

"అదే సారూ, కంపెనీది. సర్కారోల్లే రాసిరి గద. చెల్లేది రూపాయి, కానీ. మరే నాణెం గాదు. అంటే గీ రెండే నడుస్తయి, ఇంకోటి తెస్తే తీస్కోవద్దని."

ఇడ్లీ గొంతుకు అడ్డం పడింది. ఆయన లేచి నోటీసు ముందు నిలబడి చదివాడు. కళ్లజోడు తుడిచి మళ్లీ చదివాడు. ఎన్నిసార్లు చదివినా రూపాయి, కానీ. పక్క ఆటో వెనక ఆర్బిటో వాళ్ల కొత్త పోస్టరు నవ్వుతోంది. అందులో ఆయన వాక్యమే, ఒక్క అక్షరం కూడా మార్చకుండా, కింద 'సర్కారే చెప్పింది!' అని. వాళ్లు పెట్టింది ఒకే ఒక్క కామా. అయ్యో రామ, ఎంత పప్పులో కాలేశాను అనుకున్నాడు కామేశ్వరరావు గారు. బండెడు వ్యాకరణం చదువుకుని బండి దగ్గర బోల్తా పడ్డాడు పాపం.

మర్నాడు ఆఫీసులో పెద్ద అధికారి రాజేందర్ గారు ఆయన్ని పిలిచారు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లట. కానీని ఆపమంటే దానికి ప్రచారం చేశారేంటని.

"జరిగిందేదో జరిగింది గానీ కామేశ్వరరావు గారూ, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. టైపు తప్పని రాసి పంపిద్దాం. గా పిల్ల కాంట్రాక్టు ఎట్లాగూ నెలాఖరుకు అయిపోతది. పొడిగించకపోతే సరిపాయె. మీ సర్వీసు మీద మచ్చ ఎందుకు?"

ఇక్కడ కామేశ్వరరావు గారు నోరు తెరవాలి. తెరవలేదు. ఫ్యాను వైపు చూశాడు. "చిత్తమండి" అని బయటికొచ్చేశాడు. అందుకు ఆయన మీద నాకు కోపమే. మంచివాడే, పిరికితనం ఎక్కడ దాక్కుందో అప్పటిదాకా ఆయనకూ తెలియదు.

రేణుకకు అప్పటికే కబురు అందింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. ఎప్పటిలాగే ఫైలు తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టింది.

"సార్, ఆర్బిటోల తెలుగు టైపు వచ్చేటోల్లు కావాల్నట. పోయేటందుకు ఒక సిఫారసు రాసిస్తరా? 'గానీ'ని 'కానీ' చేసుడు ఈ పిల్లకు బాగొస్తదని రాయుండ్రి. వాల్లు ఎగిరి గంతేసి తీసుకుంటరు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేదు.

ఇంటికొచ్చి కాఫీ కూడా ముట్టకుండా కాగితం తీశాడు. భ్రమరాంబకు సంగతంతా చెప్పి, రాసింది చదివి వినిపించాడు. "సదరు తప్పు నాదే కానీ, కంపెనీ ఆ పేరు పెట్టడం వల్ల..."

"ఆగండి. క్షమాపణ చెబుతున్నారా, అప్పీలు చేసుకుంటున్నారా?"

ఇంకో కాగితం. "నేనే మార్పించాను కానీ, వ్యాకరణరీత్యా..."

"వ్యాకరణం ఉద్యోగం పోవటం లేదుగా అండీ. ఆ అమ్మాయిదే పోతోంది."

మూడో కాగితంలో 'కానీ' తీసి 'అయినప్పటికీ' పెట్టాడు. ఆవిడ కాగితం లాక్కుని ఉండ చుట్టింది. కామేశ్వరరావు గారికి రోషం పొడుచుకొచ్చింది. ముప్పయ్యొక్క ఏళ్లు, ఒక్క మచ్చ లేని ముప్పయ్యొక్క ఏళ్లు, అని గొంతు పెంచాడు. అంతలోనే కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. కాఫీ వేడి చేసి తెచ్చి పక్కన పెట్టింది. కాసేపటికి ఆయన మూడు ముక్కలు రాశాడు. "రేణుక సరిగ్గానే టైపు చేసింది. ఆమె వద్దంటున్నా నేను మార్పించాను. తప్పు నాది."

రాజేందర్ గారు అది రెండుసార్లు చదివారు. "ఇంత చిన్నగ రాసుడు మీకు ఎప్పటి సంది వచ్చింది?" అన్నారు. మందలింపు కాగితం ఆ వారమే వచ్చి సర్వీసు రిజిస్టరులో చేరింది, మొదటిదీ బహుశా ఆఖరిదీ. రేణుక కాంట్రాక్టు మరో ఏడాదికి పొడిగించారు. ఆమె వచ్చి థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఆయనకూ తెలుసు.

కొత్త నోటీసు ఆమెనే రాయమన్నాడు. రేణుక పది నిమిషాల్లో రాసి తెచ్చింది. 'రూపాయి ఒక్కటే చెల్లుతుంది. ఆర్బిటో కంపెనీ ఇచ్చే నాణెం చెల్లదు. ఇప్పటికే తీసుకున్నవాళ్లు పదిహేను రోజుల్లో కంపెనీకి వాపసు ఇచ్చి రూపాయలు తెచ్చుకోండి.'

'తెచ్చుకోండి' దగ్గర ఆయన చూపు ఆగింది. ఇది సర్కారు కాగితమా, ఇంట్లో సరుకుల చీటీయా? 'పొందవలెను' అని ఉండాలి. పెన్ను క్యాపు తీశాడు. రేణుక చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఇక్కడ 'తెచ్చుకోండి' అని ఎందుకు రాశావమ్మా?" అని అడిగాడు కామేశ్వరరావు గారు. ఇన్నేళ్ల సర్వీసులో టైపు చేసేవాళ్లను ఆయన ఎందుకు అని అడగడం అదే మొదలు.

రేణుక ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"'పొందవలెను' అంటే ఎవలో వచ్చి ఇస్తరని బండ్లోల్లు కూసోనే ఉంటరు సార్. పదిహేను దినాలు దాటిపోతయి. 'తెచ్చుకోండి' అంటే లేసి పోతరు."

ఆయన ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదివాడు. అక్షరం మార్చకుండా కింద సంతకం పెట్టి, కాగితం ఆమె చేతికిచ్చాడు.